ఇన్నూరో నంబరు బిళ్ల

మందుబిళ్ల మీద నంబరు చదవకుండా నేను నోట్లో వేసుకోను. తలనొప్పి బిళ్లయినా సరే. అద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయి, ఒకటికి రెండుసార్లు చదివి, పక్కన ఎవరన్నా ఉంటే వాళ్లతో కూడా చదివించి అప్పుడు మింగుతాను. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. "అవ్వా, అది బిళ్లనా, భూమి పత్రమా?" అంటారు. నవ్వుకోండి నాయనా, నవ్వేవాళ్లకేం తెలుసు.

మొన్న టీవీలో నలుగురు కూర్చుని కొట్లాడుతున్నారు. బయటి దేశాల నుంచి అగ్గువ మందులు తెప్పించుకోవచ్చా, కూడదా అని. తెప్పించుకోకపోతే బీదోళ్లు బతకరని ఒకాయన. తెప్పించుకుంటే చస్తారని ఇంకొకాయన. ఇద్దరూ గొంతు పోయేట్టు అరిచినారు. ఈ కొట్లాట మా ఇంట్లో ఎప్పుడో అయిపోయింది. ఎమ్మిగనూరులో, మగ్గం గుంట పక్కన, ఎమర్జెన్సీ పోయిన ఒకటి రెండేండ్లకు. అప్పుడు మా చెల్లెలికి తొమ్మిదేండ్లు, నాకు పన్నెండు.

మాది నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, దాని కింద గుంట. గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన నేసేవాడు. అమ్మ పడుగు చూసుకునేది. బడి నుంచి వచ్చినాక నేనూ చెల్లెలూ రాట్నాల ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్లం, అంటే దారపు చిలపను విప్పి, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పట్టే చిన్న పుల్లలకు చుట్టడం. చెల్లెలి చెయ్యి నాకన్నా వాటం. దాని కండె నున్నగా వచ్చేది. నాది మధ్యలో ఉబ్బేది. "నీ కండెకు ఎన్నో నెలనే పెద్దమ్మీ?" అని నాయన ఎగతాళి చేసేవాడు. నాకు ఒళ్లు మండేది. చెల్లెలు కిలకిలా నవ్వేది. ఆ నవ్వుకు ఇంకా మండేది.

దానికి ఆరేండ్లప్పుడు జాతరలో మొదటిసారి పడిపోయింది. చక్కర చిలకలు కొనిస్తానని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను. చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. తిరిగి చూసేలోపల దుమ్ములో కొట్టుకుంటోంది, నోట్లో నురగ, కండ్లు తేలేసింది. ఎవరో పరుగెత్తుకొచ్చి దాని చేతిలో బీగంచెవి పెట్టినారు. ఇంకెవరో చెప్పు వాసన చూపించినారు. నేను అరుస్తూనే ఉన్నానంట. ఏమని అరిచినానో నాకు గుర్తు లేదు.

అమ్మ మంత్రాలయం పోయి మొక్కుకుంది. నాయన ఆదోనికి ఎత్తుకుపోయినాడు. అక్కడ పత్తి మండీల వైపు ఒక డాక్టరు ఉండేవాడు. మనిషి కొంచెం కోపిష్టి, కానీ చెయ్యి మంచిదని పేరు. చూసి, మూర్ఛ అని చెప్పి బిళ్లలు రాసిచ్చినాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "ఒక్క పూట కూడా తప్పించొద్దు. బాగుంది కదా అని మీరే మానేయించొద్దు" అని వేలు చూపించి చెప్పినాడు. ఆ బిళ్ల మీద నూరు అని అంకె ఉండేది. అది వేసుకున్నన్నాళ్లూ చెల్లెలు పడలేదు. బడికి పోయింది, కండెలు చుట్టింది, నాతో కొట్లాడింది.

కష్టమల్లా ఆ బిళ్ల దొరకడంలోనే. ఎమ్మిగనూరులో ఉండేది కాదు. ఆదోనిలో ఒకే ఒక మందులంగడిలో పెట్టేవాళ్లు. పోతే ఉంటే ఉన్నట్టు, లేకపోతే "బొంబాయి నుంచి రావల్లప్పా, వచ్చే వారం రా" అనేవాడు అంగడాయన. ధర కూడా మా నేతకూలికి అందేది కాదు. ఒకసారి అట్లే బిళ్లలు అయిపోయి రెండు రోజులు ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. మూడో రోజు మధ్యాహ్నం చెల్లెలు రాట్నం ముందు నుంచి లేచి నాయనకు కండె అందించబోయింది. అందించలేదు. గుంటలోకి తలకిందులుగా పడింది. మగ్గం కర్రకు తగిలి నుదురు చిట్లింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. అప్పటి నుంచి అమ్మ డబ్బీలో బిళ్లలు రోజూ ఎంచేది. పది కంటే తగ్గితే ఆమెకు అన్నం దిగేది కాదు.

మా దారానికి రంగులేసే సాయిబు తాత మా వెనక సందులో ఉండేవాడు. ఆయన మోచేతుల వరకూ ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఒక రోజు ఎర్రచేతులతో వచ్చేవాడు, ఒక రోజు నీలం చేతులతో. నాయనను తమ్ముడూ అనేవాడు. నాయన అన్నా అనేవాడు. చెల్లెలంటే ఆయనకు పంచప్రాణాలు. ఆ ఏడు ఆయనకు హజ్‌కు పోయే భాగ్యం కలిగింది. బొంబాయి పోయి ఓడ ఎక్కల్ల. సందంతా పండగ. ముందు పోయొచ్చినవాళ్లు ఎవరో ఆయనతో చెప్పినారంట, ఆడ అన్ని దేశాల మందులూ కుప్పలుగా దొరుకుతాయి, శానా అగ్గువ అని. ఆయన ఆ మాట మోసుకొచ్చి మా నాయన చెవిలో వేసినాడు. నాయన మొగం దీపం పెట్టినట్టయింది.

మాకు ఏదన్నా రంగు కావాలంటే ఒక పోగు తుంచి నమూనాగా ఇస్తాం, రంగుల తాత దాన్ని చూసి అదే రంగు దించుతాడు. నాయన అట్లే చేసినాడు. ఖాళీ అయిన బిళ్లల పట్టీని గుడ్డముక్కలో కట్టి "అన్నా, దీనికి సరిగ్గా ఇట్లాంటిదే" అని చేతిలో పెట్టినాడు. తాత దాన్ని కండ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ నెలలో బిళ్లల కోసం ఆదోనికి పోయినప్పుడు నాయన ఉండబట్టలేక డాక్టరుతో ఈ సంగతి చెప్పేసినాడు. చీటీ చదవడానికి నేను కూడా పోయినాను. డాక్టరు పెన్ను కింద పెట్టినాడు.

"బయటి సరుకు నాకు తెలీదు. ఎవరు చేసినారో, ఎంత ఎండలో పెట్టినారో, లోపల ఏముందో! నీ బిడ్డకేమన్నా అయితే నేనెవర్ని అడగల్ల?"

"ఈడ దొరక్క నా బిడ్డ గుంటలో పడింది గదా సార్. అప్పుడు నేనెవర్ని అడగల్ల?"

నాయన అంత మాట అంటాడని నేననుకోలేదు. డాక్టరు కూడా అనుకున్నట్టు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "తేవద్దంటే నువ్వు వినవు. తెస్తే మాత్రం ముందు నాకు చూపించు. నేను చూసినాకే నోట్లో పెట్టు" అన్నాడు. నాయన బుద్ధిగా తలూపినాడు. బస్సెక్కినాక నా వైపు తిరిగి, "సూపిస్తే పెరుక్కుంటాడు. ఆయనకూ మందులంగడోనికీ మాటలుండాయి" అన్నాడు. ఆ డాక్టరు అట్లాంటివాడు కాదు. అది నాకు అప్పుడు తెలీదు, నాయనకు తెలుసుకోవాలని లేదు.

మూడు నెలలకు తాత తిరిగొచ్చినాడు. ఆదోని స్టేషనుకు సందులో సగం మంది పోయినారు. మనిషి నల్లబడినాడు, చేతులు మాత్రం తెల్లగా ఉన్నాయి. రంగు లేని ఆయన చేతులు చూడటం నాకదే మొదటిసారి. ఇంటికొచ్చినాక అందరికీ ఖర్జూరాలు పంచి, మా ఇంటికి ప్రత్యేకంగా వచ్చినాడు. ఒక బనియన్, దాని లోపల ఒక తువ్వాలు, దాని లోపల ఇంకో గుడ్డ విప్పి గోధుమరంగు సీసా బయటికి తీసినాడు. నిండా బిళ్లలు. మాకు ఆరేడు నెలలకు సరిపోయేంత. అంతా కలిపి ఇక్కడ రెండు మూడు నెలల మందుకయ్యే ధర కూడా కాలేదంట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆడ అంగట్లో ఉన్నాయన పట్టీ సూసినాడు తమ్ముడూ. ఇదే, ఇదే అని తలకాయ ఊపినాడు. ఇంగ శానా సెప్పినాడు, నాకు ఆ భాష రాదు. చేతులతో ఇట్ల ఇట్ల ఇరిసి సూపించినాడు." తాత రెండు చేతులతో పుల్ల విరిచినట్టు చూపించినాడు. "సీసా పగుల్తాది, పైలం అన్నాడు. అందుకే ఇన్ని గుడ్డల్లో సుట్టుకొచ్చినా."

సీసా మీద రాతంతా ఆ దేశపు అక్షరాల్లో ఉంది. తాతకు ఉర్దూ వచ్చు కాబట్టి అందరం ఆయన మొగం చూసినాం. "అక్షరాలు కూడబలుక్కుంటా గానీ అర్థం కాదప్పా" అని, వేలు పెట్టి ఒక్కచోట ఆపినాడు. "ఈ అంకె మాత్రం తెలుస్తాది. ఇన్నూరు, రెండు నూర్లు."

నాయన పాత బిళ్ల ఒకటి తెచ్చి కొత్తదాని పక్కన అరచేతిలో పెట్టుకున్నాడు. రెండూ ఒకే లావు. రెండూ తెలుపే. కొత్తదాని నడుమ సన్నగా ఒక గీత ఉంది. ఎంచక్కా ముద్ర వేసినారని మెచ్చుకున్నాడు. పాతది నూరు, కొత్తది ఇన్నూరు. ఆయన చాలాసేపు చూసి నవ్వినాడు.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. దారానికి నంబర్లుంటాయి. ఇరవయ్యో నంబరంటే మొద్దు దారం. అరవయ్యో నంబరు నాజూకు. నూరో నంబరు వెంట్రుక మాదిరి సన్నం. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. పుట్టినప్పటి నుంచి మా నాయనకు నంబరంటే ఇదొక్కటే అర్థం. అక్షరాలు రాకపోయినా ఏ చిలపనైనా వేళ్ల మధ్య నలిపి దాని నంబరు చెప్పగలడు. ఎవరూ ఎదురు చెప్పలేరు.

"ఇన్నూరో నంబరు!" అన్నాడు. "ఎంత సన్నంగా నూరినారో సూడు. మన దేశంలో ఇంత సన్నం యాడ నూర్తారు? కానీ ఇంత సన్నం మందు ఒకటే ఏస్తే సాలదు. సన్నదారమైతే మనం ఏం జేస్తాం? రెండు పోగులు కలిపి ఏస్తాం. పూటకు రెండియ్యల్ల."

నేను ఏడో తరగతి. గ్రాములూ కిలోలూ మాకు అప్పటికి చెప్పేసినారు. "నాయనా, నూరు కంటే ఇన్నూరు ఎక్కువ గదా? బడిలో…"

"ఎక్కువే. సన్నంలో ఎక్కువ. కండెకు బొజ్జ పెట్టేదానివి, నువ్వు నాకు నంబర్లు నేర్పుతావా?"

చెల్లెలు కిసుక్కున నవ్వింది. నాకు చెడ్డ కోపం వచ్చింది. ఎవరెట్ల పోతే నాకేమని మూతి ముడుచుకుని రాట్నం దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ మూతి ముడుపును నేను నేటికీ క్షమించుకోలేదు. ఇంకొక్కసారి అడిగుంటే! గట్టిగా అరిచుంటే! అడగలేదు, అలిగినాను.

"డాక్టరుకు సూపిద్దాం, సూపియ్యమన్నాడంట గదా" అని అమ్మ మెల్లగా అంది. "ఒకసారి సూపిస్తే ఏం బోతాది తమ్ముడూ" అని తాత కూడా అన్నాడు. "పెరుక్కుంటే నువ్వు మల్లా ఓడెక్కి పోతావా అన్నా?" అన్నాడు నాయన. అమ్మ కూడా నేతగాళ్ల బిడ్డే. నంబరు పెరిగితే సన్నం అనే మాటలో ఆమెకు తప్పేమీ కనపడలేదు.

బిళ్లలిచ్చే పని నాది. మర్నాడు పొద్దున సీసా మూత తీసి, రెండు బిళ్లలు నా చేత్తోనే చెల్లెలి నాలుక మీద పెట్టి నీళ్లు పోసినాను. సాయంత్రం మళ్లీ రెండు.

మొదటి రోజు అది బడిలో బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. టీచరమ్మ ఇంటికి పంపించింది. "మందు మెత్తగా పనిజేస్తాండాది" అన్నాడు నాయన. రెండో రోజు రాట్నం ముందు కూర్చుని కండ్లు నులుముకుంటూ నవ్వింది. "అక్కా, నా రాట్నానికి రెండు పోగులొస్తాండాయి." ఒకటే పోగు ఉంది. పట్టుకోబోతే దాని వేళ్లు పోగు పక్కన గాలిలో ఆడినాయి. నేను నవ్వలేదు. "అమ్మా, ఇట్ల సూడు" అని పిలిచినాను. అమ్మ వచ్చి చూసింది. నాయన మగ్గం మీద నుంచే, "కొత్త మందు గదా, రెండు దినాల్లో సర్దుకుంటాది. మూర్ఛ వచ్చిందా? రాలే గదా" అన్నాడు. అది నిజమే. మూర్ఛ రాలేదు. దాన్ని చూసుకునే మేమంతా ధైర్యం చెప్పుకున్నాం.

మూడో రోజు గోడ పట్టుకుంటే గానీ నడవలేదు. కల్లు తాగినవాళ్ల మాదిరి అటు ఇటు తూలింది. తిన్నది కక్కింది. మాట ముద్దగా వచ్చింది. సాయంత్రం బిళ్లలు ఇచ్చేటప్పుడు ఒకటే ఇద్దామా అనుకున్నాను. ఒకటే ఇస్తే సాలక మూర్ఛొచ్చి మళ్లీ గుంటలో పడితే? ఎటు పోయినా భయమే. తక్కువైతే పడిపోతుంది, ఎక్కువైతే ఏమవుతుందో తెలీదు. తెలిసిన భయానికే భయపడి రెండూ పెట్టినాను.

నాలుగో రోజు తెల్లారి ఎండ వాకిట్లోకి వచ్చింది. చెల్లెలు లేవలేదు. పిలిచినాం. తట్టినాం. మొగం మీద నీళ్లు చల్లినాం. ఊపిరి ఉంది, కానీ ఎక్కడో లోతు నుంచి గుర్రుగుర్రుమని వస్తోంది. కనురెప్ప ఎత్తితే నల్లగుడ్డు అటూ ఇటూ కదిలింది, మమ్మల్ని చూడలేదు. అమ్మ గుండెలు బాదుకుంది. నాయన గుంటలో నుంచి లేవబోయి కాలు తట్టుకుని పడుగు మీద పడినాడు. పోగులు పటపటా తెగినాయి. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అంతకు ముందు ఒక్క పోగు తెగితే మా వీపులు పగిలేవి.

సాయిబు తాత పచ్చరంగు చేతులతో పరుగెత్తుకొచ్చినాడు. నాయన చెల్లెల్ని భుజానేసుకున్నాడు, తాత ముందు పోయి బస్సు ఆపినాడు. నేను ఆ సీసా పట్టుకుని ఎక్కినాను. ఎందుకు పట్టుకున్నానో తెలీదు, ఎవరూ తెమ్మనలేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని ఎంత దూరమని! ఆ రోజు ఆ దారి తెగలేదు. ప్రతి స్టాపులో జనం ఎక్కుతూనే ఉన్నారు, గంపలు, కోళ్లు, ముచ్చట్లు. నాయన చెవి చెల్లెలి ముక్కు దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. అమ్మ "ఉందా?" అని అడుగుతుంది. ఆయన "ఉంది" అంటాడు. మళ్లీ కాసేపటికి "ఉందా?" "ఉంది." నేను కిటికీ బయటికి చూస్తూ, నేనే చంపేసినాను, నా చేత్తోనే పెట్టినాను అనుకుంటూ కూర్చున్నాను. ఎంత భయమంటే ఏడుపు కూడా రాలేదు.

డాక్టరు బల్ల మీద పడుకోబెట్టించి కండ్లలోకి దీపం కొట్టి చూసినాడు. "ఏమిచ్చినారు?" అన్నాడు. నేను సీసా ముందుకు చాపినాను. లాక్కుని తిప్పి చూసినాడు. సీసాకు వెనక వైపు చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయంట, మాలో ఎవరికీ కనపడలేదు. "మందు అదే" అన్నాడు. "పూటకెన్ని?"

"రెండు సార్" అన్నాడు నాయన.

డాక్టరు సీసాలో నుంచి ఒక బిళ్ల తీసి చూసినాడు. "రెండా? ఇన్నూరువి రెండా? ఎవరు చెప్పినారు నీకు?"

"ఇన్నూరో నంబరు గదా సార్. సన్నం మందు గదా. ఒకటేస్తే సాలదని…"

"సన్నమేందయ్యా?"

నేనే చెప్పినాను. దారంలో నంబరు పెరిగితే సన్నమవుతుందని, సన్నదారమైతే రెండు పోగులు కలుపుతామని. చెప్తూ చెప్తూ వెక్కినాను. డాక్టరు మా నాయన వైపు చూసినాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మందులో నంబరు పెరిగితే బలం పెరుగుతాదప్పా" అన్నాడు మెల్లగా. "ఒక బిళ్ల తావున నాలుగిచ్చినావు. ఇది సగానికి విరిచి ఇయ్యల్ల. విరవడానికే ఈ గీత."

సాయిబు తాత తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాట విని రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. పుల్ల విరిచినట్టు గాలిలో విరిచినాడు. "విరవమన్నాడు. ఆయప్ప బిళ్లను విరవమన్నాడు. నేను సీసా అనుకుంటినే, యా అల్లా" అని గోడకు చేతులూ తలా ఆనించి పిల్లవాని మాదిరి ఏడ్చినాడు. ఆయన పచ్చరంగు ఆ గోడకు అంటుకుంది.

చెల్లెలి చేతికి సూది గుచ్చి మందునీళ్లు ఎక్కించినారు. లేస్తుందా అని అమ్మ అడిగింది. "సాయంత్రం దాకా చూడల్ల" అన్నాడు డాక్టరు. అంతకు మించి ఒక్క మాట కూడా ఇయ్యలేదు. వరండాలో కూర్చున్నాం. బయట పత్తి బండ్లు పోతున్నాయి. గాలికి పత్తి పింజలు లోపలికొచ్చి మా మీద వాలుతున్నాయి. నాయన ఒక చేతి వేళ్లు ఇంకో చేతి వేళ్లతో నలుపుకుంటూ ఉన్నాడు, చిలప నంబరు చూసేటప్పుడు నలిపినట్టే.

పొద్దు వాలేటప్పుడు అది కండ్లు తెరిచింది. అమ్మ దాని మీద పడి ఏడ్చింది. నాయన మాత్రం మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన పంచె అంచు నుంచి ఒక పోగు లాగి దాని కండ్ల ముందు పట్టుకున్నాడు. "సిన్నమ్మీ, ఎన్ని పోగులు?"

అది చాలాసేపు చూసింది. "రెండు" అంది.

మర్నాడు అడిగినాడు. రెండు. ఆ మర్నాడు పొద్దున అడిగినాడు. చెల్లెలు విసుక్కుంటూ, "ఒకటే గదా నాయనా, కనపడలేదా నీకు?" అంది. నాయన ఆ పోగును మడిచి జేబులో పెట్టుకుని బయటికి పోయినాడు. వెనకనే నేనూ పోయినాను. కొళాయి దగ్గర నీళ్లు వదిలి, ఆ చప్పుడులో ఏడుస్తున్నాడు. నన్ను చూసి, "నువ్వు సెప్పితివే పెద్దమ్మీ" అన్నాడు. అంతే అన్నాడు. నేను చెప్పింది సగమేనని, అలిగి మిగతా సగం మింగేసినానని ఆయనకు చెప్పలేకపోయినాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఆ సీసా తిరిగి మా చేతికే ఇచ్చినాడు. పెరుక్కోలేదు. "మందు మంచిదే. తెచ్చిందీ తప్పు కాదు. నాకు చూపించకపోవడం తప్పు. సగం బిళ్ల, పూటకు సగమే" అని, గీత మీద తానే ఒకటి విరిచి చూపించినాడు. ఆ సీసా మాకు ఏడాది పైనే వచ్చింది. ఒక్క మూర్ఛ కూడా రాలేదు. పూట పూటా నేను గీత మీద విరిచేదాన్ని. రెండు ముక్కలూ సమంగా ఉన్నాయా అని అమ్మకు చూపించి, నాయనకు చూపించి, కొన్నిసార్లు తాతకు కూడా చూపించి ఇచ్చేదాన్ని. ఎవరూ నన్ను చూసి నవ్వలేదు.

నాయన మాత్రం ఆ సీసాను మళ్లీ ముట్టుకోలేదు. రోజూ పొద్దున మగ్గం ఎక్కే ముందు ఒక పోగు తెంపి చెల్లెలి ముందు పట్టుకునేవాడు. "ఎన్ని?" "ఒకటే నాయనా." అప్పుడు గుంటలోకి దిగేవాడు. అది చెప్పనిదే నాడె ఆడేది కాదు. బిళ్లలు మారినాయి, ఊళ్లోనే దొరకడం మొదలయింది, డాక్టరు కొన్నేండ్లకు మందే మాన్పించినాడు. పోగు మాత్రం ఆగలేదు.

చెల్లెలికి పదహారేండ్లు వచ్చినాయి. అప్పటికి నాకు పెండ్లయి ఆదోనిలో కాపురం. ఒకసారి ఇంటికొచ్చి ఉన్నాను. పొద్దున నాయన యథాప్రకారం పోగు పట్టుకుని "ఎన్ని?" అన్నాడు. చెల్లెలు నా వైపు చూసి కన్ను గీటింది. కండ్లు చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు నాయనా" అంది.

నాయన చేతిలో పోగు జారిపోయింది. గోడ పట్టుకోబోయినాడు, అందలేదు. అక్కడికక్కడే మగ్గం పక్కన కూలబడినాడు. చెల్లెలు హడలిపోయి, "ఊరికే అంటి నాయనా, ఎగతాళికి అంటి, ఒకటే, ఒకటే పోగు" అని ఆయన చేతులు పట్టుకుంది. ఆయన దాని మాట వినలేదు. నా వైపు తిరిగి అడిగినాడు.

"పెద్దమ్మీ, ఆదోని బస్సు ఎన్ని గంటలకే?"